కుందేలు జబ్బు ముఖంలో కనబడదు

రాయగడలో మా వీధి తెలుగువారి ఇళ్ళలో ఈమధ్య కుందేళ్ళ పెంపకం ఎక్కువైంది గానీ, వాటికి జబ్బు చేసిన సంగతి మాత్రం చాలామందికి అవి మేత పూర్తిగా మానేశాకే తెలుస్తోంది. ఇందులో పెంచేవారి తప్పు కొంతే. వేటాడే జంతువుల కంటబడకుండా బతకవలసిన ప్రాణి కనుక కుందేలు తన నీరసాన్ని దాచుకుంటుంది. కడుపులో నొప్పి ఉన్నా అరవకుండా మూలన ముడుచుకుని కూర్చుంటే, చూసినవారు ఎంత బుద్ధిగా ఉందోనని మెచ్చుకుంటారు.

అందుచేత నేను ముందుగా పెంటికలను చూస్తాను. పొద్దున్నే గూడు ఊడ్చేటప్పుడు అవి గుండ్రంగా, శనగగింజంత ఉండి, చిదిపితే లోపల గడ్డిపీచు కనబడితే రాత్రి మేత సవ్యంగా సాగినట్టే. అవి చిన్నవై, నల్లబడి, ఆకారం తప్పినా, బొచ్చుతో ఒకదానికొకటి ముడిపడి వచ్చినా పీచు చాలడం లేదని గ్రహించి ఎండుగడ్డి పెంచాలి. మెత్తగా, జిగటగా, గుత్తులుగా ఉండేవి వేరు. ఆ పెంటికలను కుందేలు వంగి మలద్వారం నుంచి నేరుగా తినేస్తుంది, అది దానికి కావలసిన పోషణే. అవి గూట్లో మిగిలిపోతుంటే మాత్రం గింజలు, బిస్కట్లు ఎక్కువయ్యాయేమో, ఒళ్ళు పెరిగి వంగలేకపోతోందేమో ఆలోచించాలి. “పెంటికలు లెక్కపెడతన్నావేటి బాబూ” అని పక్కింటి మామ్మగారు నవ్వుతారు. నాకు కావలసింది లెక్క కాదు, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా.

పది, పన్నెండు గంటలపాటు మేత ముట్టకుండా, పెంటిక వేయకుండా ఉన్న కుందేలును మర్నాటి దాకా చూద్దామని ఉంచకూడదు. పేగుల కదలిక ఆగితే గ్యాస్ పట్టి ప్రాణం మీదికి వస్తుంది. నిమిరేటప్పుడు మెల్లగా వినబడే పళ్ళ చప్పుడు సుఖానికి గుర్తయితే, ముడుచుకుని గట్టిగా పళ్ళు నూరడం నొప్పికి గుర్తు. మనకు జ్వరమనిపించే 39 డిగ్రీల సెల్సియస్ దానికి మామూలు వేడే. 38కి తగ్గి చెవులు చల్లబడితే భయపడాలి.

పళ్ళు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. గడ్డి బాగా నమలకపోతే దవడపళ్ళ అంచులు మొనదేలి నాలుకను గీరుతాయి. గడ్డం కింద బొచ్చు చొంగతో తడిసినా, ఆకును నోటిదాకా తెచ్చుకుని వదిలేసినా పళ్ళనే అనుమానించాలి. ముక్కు కారితే ముందుకాళ్ళతో తుడిచేసుకుంటుంది కనుక, ఆ కాళ్ళ లోపలివైపు బొచ్చు అట్టకట్టిందేమో చూడాలి. చెవిలో పొరలుగా పేరుకునే పక్కులు గజ్జి పురుగు వల్ల వస్తాయి; వాటిని ఊడబీకితే విపరీతమైన నొప్పి, మందు పడితే అవే రాలిపోతాయి.

ఆ మందు పశువైద్యుడు చెప్పినదే అయి ఉండాలి. మనం వాడే యాంటీబయాటిక్ మందు అమాక్సిసిలిన్‌ను నోటిద్వారా ఇస్తే కుందేలు పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులు నశించి అది చనిపోవచ్చు. కుక్కల పేలకు వాడే ఫిప్రోనిల్ కూడా దీనికి విషమే. పశువుల ఆసుపత్రులకు ఎక్కువగా వచ్చేవి ఆవులూ మేకలే కనుక, కుందేళ్ళను చూసే అలవాటున్న వైద్యులెవరో ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాకబు చేసుకోవడం మంచిది. తీసుకువెళ్ళే బుట్టలో గుప్పెడు గడ్డి వేయాలి. ఆసుపత్రికని మేత ఆపనక్కరలేదు; కుందేలు వాంతి చేసుకోలేదు కనుక, శస్త్రచికిత్సకు ముందు కూడా దాన్ని కుక్కలా పస్తు ఉంచరు.