తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు: మా కార్తీకమాసం పిక్నిక్

కార్తీకమాసం ఆదివారం వచ్చిందంటే వైజాగ్‌లో ఊరంతా క్యారేజీలు కట్టుకుని రోడ్డెక్కుతుంది. కంబాలకొండలో చెట్టు కింద చోటు కావాలంటే పొద్దున్నే వెళ్ళి దుప్పటి పరుచుకోవాలి, రుషికొండలో బండి పెట్టడానికే అరగంట పడుతుంది. అందుకని ఈసారి పాత బౌద్ధ ఆరామం శిథిలాలున్న తొట్లకొండకి పోదాం, అట్నుంచి ఎర్రమట్టి దిబ్బలు చూసి ఓపికుంటే భీమిలి కూడా వెళ్దాం అన్నాను. మా ఆయన "తొట్లకొండలో ఏముంది, ఇటుకలేగా" అన్నారు. ఆయన్ననుకుని లాభం లేదు, మా ఊళ్ళో చాలామందిది ఇదే మాట. భీమిలి వైపు ఎన్నిసార్లు పోయుంటాం, కుడి పక్కన సముద్రం చూసుకుంటూ పోవడమే తప్ప ఎడమ పక్కన కొండెక్కే దారి ఒకటుందని పట్టించుకున్నదెవరు?

మేం ఆరుగురం. మేమిద్దరం, పిల్లలిద్దరు, అమ్మా నాన్నా. నాన్న షిప్‌యార్డులో పైపుల పని చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగం సంగతి ఇక్కడెందుకంటే, ఆ రోజు ఎవరూ అడక్కుండానే మా గైడ్ ఆయనే అయిపోయారు.

కొండ మీది దాకా రోడ్డుంది, కారు నేరుగా పైకి పోతుంది. పొద్దున్నే వెళ్ళాం కాబట్టి జనం లేరు, గాలి మాత్రం చున్నీ లాక్కుపోయేలా ఉంది. పైనుంచి చూస్తే బీచ్ రోడ్డు, సరుగుడు తోటలు, వాటి వెనక సముద్రం, ఎడమ చేతివైపు భీమిలి కొండ దాకా అంతా కనిపిస్తుంది. ఇంత మంచి చోటు వెయ్యేళ్ళకి పైగా ఎవరికీ పట్టకుండా పొదల కింద పడి ఉంది. 1976లో నేవీ వాళ్ళు విమానంలోంచి సర్వే చేస్తుంటే ఏదో ఉన్నట్టు కనబడింది, ఆ తర్వాత పురావస్తు శాఖ వాళ్ళు 1988 నుంచి 1993 దాకా తవ్వి ఈ ఆరామం మొత్తం బయటికి తీశారు. శాతవాహనుల సీసపు నాణేలు 9, రోమన్ల వెండి నాణేలు 5 దొరికాయి. రోమ్ డబ్బు మన మంగమారిపేట పక్కన కొండ మీద ఏం చేస్తోందని మా పెద్దది అడిగింది. సముద్రం వైపు చూపించాను. ఓడల్లో వచ్చే వర్తకులు దానం ఇచ్చిపోయేవారు, భిక్షువులూ ఆ ఓడలెక్కే సింహళం వైపు వెళ్ళేవారు. రేవుకి దగ్గరగా, రేవు గోలకి దూరంగా ఉండాలంటే ఇంతకంటే మంచి కొండ ఎక్కడ దొరుకుతుంది?

చూడ్డానికి మొదట ఇటుకలే, మా ఆయన అన్నది అబద్ధమేం కాదు. మధ్యలో మహాస్తూపం, దాని చుట్టూ చిన్న చిన్న స్తూపాలు, గుండ్రటి చైత్యగృహం (అంటే ప్రార్థన మందిరం), స్తంభాల మొదళ్ళు వరసగా ఉన్న సమావేశ మందిరం, ఒక పక్కన భోజనశాల, ఇంకో పక్కన భిక్షువుల గదులు. గోడలు మోకాలెత్తున, ఇంకొన్ని చోట్ల నడుమెత్తున మిగిలాయి. మా చిన్నోడు ఒక గదిలోకి దూరి కాళ్ళు చాపుకుని పడుకుని "అమ్మా, ఇందులో నేనూ, నా బ్యాగూ, అంతే" అన్నాడు. నిజమే, పెద్దమనిషి పడుకుంటే పక్కన ఒక కుండ పెట్టుకునేంత చోటు మిగులుతుంది. అలాంటి గదులు వరసలు వరసలుగా ఉన్నాయి. ఒకప్పుడు వందమందికి పైగా భిక్షువులు ఇక్కడ ఉండేవారంటారు.

అమ్మకి మాత్రం ఒకటే బెంగ. దీపం పెడదామని వత్తులూ నూనె తెచ్చుకుంది, ఎంత వెతికినా బుద్ధుడి విగ్రహం కనబడదే! ఇది బౌద్ధంలో హీనయానం అనే పాత శాఖ వాళ్ళ ఆరామం, విగ్రహం పెట్టి పూజించడం ఇక్కడ లేదు, స్తూపమే వాళ్ళకి పూజనీయం అని చెప్పాను. "అయితే దాని చుట్టే తిరుగుతాను" అని చెప్పులు విప్పేసి మూడు ప్రదక్షిణలు చేసేసింది. ఎవరో చెప్పి చేయించినట్టు చేసింది గానీ, రెండు వేల ఏళ్ళ కిందట అక్కడికి వచ్చినవాళ్ళూ చేసింది అదే, స్తూపం చుట్టూ బాట ఉండేది అందుకే. ఈ మహాస్తూపం 2019 వానలకి ఒక పక్క కూలిపోతే తర్వాత మళ్ళీ బాగుచేశారు. కొత్త ఇటుకలకీ పాతవాటికీ తేడా తెలుస్తూనే ఉంది. ఆ కొత్త ఇటుకల మీద అప్పుడే ఎవరో మేకుతో గుండె బొమ్మ గీసి రెండు పేర్లు చెక్కేశారు. వాళ్ళ ప్రేమ ఎన్నాళ్ళుంటుందో తెలీదు గానీ ఆ గీత మాత్రం చాలాకాలం ఉంటుంది.

ఇంతలో నాన్న కనబడలేదు. వెతికితే కొండరాయిలో తొలిచిన తొట్టి దగ్గర గొంతుక్కూర్చుని లోపలికి తొంగి చూస్తున్నారు. ఈ తొట్లే ఈ కొండకి అసలు ప్రాణం. గుట్ట మీద బావి తవ్వే వీల్లేదు, ఏరు లేదు, ఉన్నదల్లా ఆకాశం నుంచి పడే నీళ్ళే. రాతిని లోతుగా తొలిచి వాననీళ్ళు అందులో చేరేలా చేసుకున్నారు. అంచుల మీద ఉలి దెబ్బలు ఇప్పటికీ వరసగా, వేలికి తగులుతాయి. లోపల పచ్చగా పాచి నీళ్ళు, అందులో చిటికెన వేలంత కప్పపిల్లలు. నాన్న లేచి గదుల వైపు నుంచి వాలు ఎటుందో చూసుకుంటూ, రాళ్ళు పేర్చిన కాలవ వెంబడి అడుగులేసుకుంటూ వెళ్ళి "ఇదిగో చూడు, వాడిన నీళ్ళు ఇటు, తాగే నీళ్ళు అటు, రెండూ ఎక్కడా కలవ్వు" అన్నారు. ఆ మాట నిజంగా ఎంతవరకు సరైనదో పురావస్తు శాఖ వాళ్ళే చెప్పాలి గానీ, ఆయన ముఖంలో ఆ వెలుగు చూసి చాలాకాలమైంది. "మన అపార్టుమెంటు కట్టినవాడు ఒకసారి వచ్చి చూసుకుంటే బావుణ్ణు" అని కూడా అన్నారు. మా అపార్టుమెంటులో వానొస్తే సెల్లార్లో స్కూటర్లు ఎలా ఉంటాయో తెలిసినవాళ్ళకి ఈ మాట విలువ తెలుస్తుంది.

శిథిలాల వెనక నుంచి పొదల్లోకి కాలిబాటలున్నాయి. పెద్ద అడవేం కాదు, ఎత్తు తక్కువ చెట్లు, ఈత పొదలు, రేగు, సీతాఫలం, తంగేడు, మధ్యమధ్యలో మోకాలెత్తు గడ్డి. వానాకాలం అయిపోయిన కొత్త కాబట్టి అంతా పచ్చగా ఉంది. పసుపు రంగు సీతాకోకచిలుకలు గుంపుగా తడి మట్టి మీద వాలి ఉంటే మా చిన్నోడు పరిగెత్తి లేపాడు. పిగిలిపిట్టల గోల అంతా ఇంతా కాదు. రేగు ముళ్ళు నా చుడీదార్‌ని రెండు చోట్ల చింపాయి. ఇక్కడికి వచ్చేవాళ్ళెవరైనా జీన్సూ బూట్లూ వేసుకుంటే మంచిది, నీళ్ళ సీసాలు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

దగ్గర్లోనే బావికొండ కూడా ఉంది, తిమ్మాపురం వైపు. 1982 నుంచి 87 దాకా తవ్విన చోటు, అక్కడ ఒక కుండలో దొరికిన ఎముక ముక్క బుద్ధుడి అవశేషమే అని చాలామంది నమ్మకం. అప్పటికే ఎండ నెత్తికెక్కింది, పిల్లలు ఆకలని మొదలుపెట్టారు, అందుకని పైకెక్కి ఒక చుట్టు చుట్టి వచ్చేశాం. తొట్లకొండ కంటే అక్కడ జనం ఇంకా తక్కువ. ప్రశాంతంగా కూర్చోవాలనుకుంటే నా ఓటు బావికొండకే.

భోజనం సముద్రం పక్కన సరుగుడు తోటలో. అమ్మ లెక్కలో ఉసిరి చెట్టు కింద తింటేనే వనభోజనం, లేకపోతే అది ఉత్త భోజనం. సరుగుడు తోటలో ఉసిరి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆవిడ బుట్టలోంచి ఉసిరి కొమ్మ ఒకటి తీసింది! ముందురోజే పక్కింటివాళ్ళ చెట్టు నుంచి అడిగి కోయించి, తడిగుడ్డ చుట్టి తెచ్చుకుందట. దాన్ని ఇసుకలో గుచ్చి, పసుపు కుంకుమ పెట్టి, పొద్దున వెలిగించని దీపం అక్కడ వెలిగించింది. గాలికి నాలుగుసార్లు ఆరిపోతే ఐదోసారి మా ఆయన ఖాళీ క్యారేజీ గిన్నె అడ్డం పెట్టారు. పులిహోర, ఆవ పెట్టిన కంద బచ్చలి, పెరుగన్నం, మజ్జిగ మిరపకాయలు. ఉల్లీ వెల్లుల్లీ లేకుండా కూరేంటి అని ఇంట్లో గొణిగిన పిల్లలే కంద బచ్చలి గిన్నె ఖాళీ చేశారు.

మూడు గంటలకి ఎర్రమట్టి దిబ్బలకి చేరాం. సినిమాల్లో చూసి చూసి అలవాటైపోయిన చోటే, కానీ లోపలికి దిగి నడిస్తే వేరే సంగతి. పైన జీడిమామిడి చెట్లు, కింద ఎర్రటి ఇసుక గోడల మధ్య సన్నటి లోయలు. ఒకటి రెండుగా చీలుతుంది, రెండు నాలుగవుతాయి, పది నిమిషాల్లో ఎటు నుంచి వచ్చామో తెలీదు. గోడకి చెయ్యి ఆనిస్తే గట్టిగానే ఉన్నట్టుంటుంది, గోటితో గీకితే పొడి పొడిగా రాలి చేతికి ఎర్రగా అంటుకుంటుంది. పైనున్న చెట్ల వేళ్ళు సగం గాలిలో వేలాడుతూ ఉంటాయి, కింద మట్టిని వానలు ఎప్పుడో కోసుకుపోయాయి. చివరి మంచుయుగంలో సముద్రం వెనక్కి జరిగినప్పుడు బయటపడ్డ ఇసుకని గాలి ఎగరేసుకొచ్చి ఇక్కడ పోసింది, అందులోని ఇనుము తుప్పు పట్టి ఇసుక రేణువులకి ఈ ఎరుపు పట్టుకుంది. సుమారు 18 వేల నుంచి 20 వేల ఏళ్ళ కిందటి మాట. పొద్దున చూసిన స్తూపం దీని ముందు నిన్నగాక మొన్న కట్టినట్టే. ఇలాంటి దిబ్బలు దక్షిణాసియాలో తమిళనాడులో, శ్రీలంకలో, ఇక్కడ, అంతే ఉన్నాయట. జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. ఇంత పేరున్న చోట లోయ మలుపు మలుపుకీ కూల్‌డ్రింక్ సీసాలూ చిప్స్ కవర్లూ. మా పెద్దది ఒక సంచి నిండా ఏరి కారు డిక్కీలో పెట్టింది. ఆ కంపు ఇంటిదాకా మాతోనే వచ్చింది.

పిల్లలు దాగుడుమూతలు మొదలుపెట్టారు. ఇక్కడ ఆ ఆట ఎంత సరదానో తల్లులకి అంత టెన్షన్. చిన్నోడు "కూ" అంటే ఆ అరుపు మూడు వైపుల నుంచీ వినబడింది. ఏ లోయలో ఉన్నాడో తెలీదు, నేను కంగారుగా అటూ ఇటూ పరిగెడుతుంటే నాన్న మాత్రం తాపీగా కింద ఇసుక మీద వాననీటి చారలు చూస్తూ "నీళ్ళు ఎటు పోయాయో అటే నడు, చిన్న పాయలన్నీ పెద్ద పాయలోనే కలవాలి, వాడు ఎక్కడున్నా అక్కడికే దిగుతాడు" అన్నారు. రెండు మలుపులు తిరిగేసరికి వెడల్పాటి చోట వాడు చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాళ్ళ దాకా ఎర్రగా, మమ్మల్నే వెతుక్కుంటూ నిలబడి ఉన్నాడు. వాణ్ణి తిట్టాలనుకున్నాను, ముందు నీళ్ళు తాగించాను.

ఈ నెలల్లో తొందరగా పొద్దుగూకుతుంది. భీమిలి చేరేసరికే మసక పడింది, డచ్చివాళ్ళ సమాధుల తోట గేటు బయటి నుంచే చూశాం. గోస్తనీ నది సముద్రంలో కలిసే వైపు కాసేపు నిలబడి, వేడి వేడి మిరపకాయ బజ్జీలు తిన్నాం. పావురాలకొండ మీద కూడా బౌద్ధ శిథిలాలున్నాయి, కానీ ఆ చీకట్లో, అమ్మ మోకాళ్ళతో, ఆ కొండ ఎక్కే ప్రశ్నే లేదు.

ఇంటికొచ్చిన రాత్రి నేను ఫోన్లో చూసి, పావురాలకొండ మీద రాతిలో తొలిచిన తొట్లు 16 ఉన్నాయట అని నోరు జారాను. పొద్దున్నే కాఫీ తాగుతూ నాన్న వచ్చే ఆదివారం మీరేం పెట్టుకోకండి అన్నారు. అమ్మ వంటింట్లోంచే, నేను కారులోనే కూర్చుంటాను, మీ తొట్లు మీరే లెక్కపెట్టుకోండి అంది. మా ఆయన మాత్రం ఈసారి ఇటుకల మాట ఎత్తలేదు. కంద బచ్చలి మళ్ళీ ఉంటుందా అని మాత్రం అడిగారు.