సంతకం కింద సంతకం

విమానం బయలుదేరే ముందు టెక్ లాగ్ అనే పుస్తకంలో రెండు సంతకాలు పడాలి. విమానం ఎగరడానికి తగిన స్థితిలో ఉందని ధ్రువీకరిస్తూ నాలాంటి మెయింటెనెన్స్ ఇంజనీరు పెట్టే సంతకం మొదటిది. ఆ స్థితిలో దానిని స్వీకరిస్తున్నానని కెప్టెన్ పెట్టేది రెండవది. బెంగళూరులో ఈ ఉద్యోగం చేస్తున్న ఇన్నేళ్లలో నా సంతకం కింద ఎందరో కెప్టెన్ల సంతకాలు పడ్డాయి, వారిలో చాలామంది ముఖాలు నాకు గుర్తులేవు. ఒక్కరిని మాత్రం మూడుసార్లు కలుసుకున్నాను, మూడుసార్లూ అనుకోకుండానే.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. ఒకప్పుడు గాలిలో వచ్చిన పెద్ద ఆపద నుంచి విమానాన్ని క్షేమంగా దించినందుకు పత్రికలు చాలా రోజులు ఆయన గురించి రాశాయి. అది ఎప్పుడు, ఎక్కడ జరిగిందో చెప్పినా ఆయనెవరో తెలిసిపోతుంది. ఆ ప్రస్తావన ఎవరు తెచ్చినా మాట మార్చే మనిషి కనుక, ఆయన ఇష్టాన్ని మన్నించడం నా ధర్మం.

మొదటిసారి కలిసింది 2006 జూలైలో. అప్పటికి దేవనహళ్లి విమానాశ్రయం ఇంకా తెరవలేదు; 2008 మే 24 వరకు బెంగళూరు రాకపోకలన్నీ హెచ్‌ఏఎల్ విమానాశ్రయం నుంచే సాగేవి. సన్నగా వాన పడుతున్న ఒక రాత్రి నేను ఎయిర్‌బస్ ఏ320ని చూసి, సంతకం పెట్టి, రెక్క కింద నిలబడి ఉన్నాను. లైసెన్సు చేతికి వచ్చి ఏడాదైనా నిండలేదు. విమానం చుట్టూ తిరిగి చూసే వాక్ అరౌండ్‌కు ఎక్కువగా ఫస్ట్ ఆఫీసర్లు, అంటే సహ పైలట్లు, వస్తుండేవారు, ఆ రాత్రి మాత్రం కెప్టెన్ స్వయంగా టార్చి పట్టుకుని మెట్లు దిగారు. ఆయనెవరో నా పక్కనున్న లోడర్ నాకు చెవిలో చెప్పాడు.

ఆయన తడినేల మీద ఒక మోకాలు ఆనించి, ఎడమ వైపు చక్రాల లోపలికి టార్చి వేసి, బ్రేకు అరుగుదలను చూపించే చిన్న లోహపు పిన్నును వేలి కొసతో తడిమారు. బ్రేకు అరిగేకొద్దీ ఆ పిన్ను లోపలికి పోతుంది. అంచుతో సమమైపోతే బ్రేకు మార్చాల్సిందే. ఆ రాత్రి అది పొట్టిగా ఉన్న మాట నిజమే గానీ, పరిమితిలోనే ఉంది.

"ఇది ఎంత మిగిలింది?" అని అడిగారు.

"నేను సంతకం చేసేశాను సార్" అన్నాను. ఆ మాటలోని బిరుసు ఇప్పటికీ నా చెవికి వినిపిస్తుంది.

"మీ సంతకం చూశాను. నేను అడిగింది పిన్ను గురించి."

ఒక మిల్లీమీటరు పైనే ఉందని చెప్పాను. పార్కింగ్ బ్రేకు వేసి ఉండగా చూశారా అని అడిగారు. బ్రేకు పట్టి ఉన్నప్పుడు చూస్తేనే ఆ కొలత చెల్లుతుంది. అలాగే చూశానన్నాను. "అయితే సరే" అని తల ఊపి ముందుకు కదిలారు, మిగిలిన చక్రాలను కూడా అంతే ఓపికగా చూసి, పైకి వెళ్లి నా సంతకం కింద తన సంతకం పెట్టారు. అంత పేరున్న మనిషి నన్ను నమ్మలేదన్న కష్టంతో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు ఈ సంగతి గుంటూరు నుంచి వచ్చిన మా సీనియర్‌తో చెప్పుకున్నాను. ఆయన నా వైపు కాసేపు చూసి, "తమ్ముడూ, అడిగిన రెండో ప్రశ్న గమనించావా? ఆ ప్రశ్న నీ పని తెలిసినవాడే అడగగలడు" అన్నారు.

ఆ మాట అర్థం కావడానికి నాకు కొన్నేళ్లు పట్టింది. అర్థం కావడానికి తోడ్పడింది ఒక పాత ప్రమాదం. 1989 జూలై 19న అమెరికాలో డెన్వర్ నుంచి షికాగోకు వెళ్తున్న డీసీ-10 విమానంలో, తోకలో ఉన్న ఇంజను తాలూకు ఫ్యాన్ డిస్క్, అంటే ఫ్యాన్ బ్లేడ్లను పట్టి ఉంచే చక్రం, పగిలి, ఆ ముక్కలు మూడు హైడ్రాలిక్ వ్యవస్థలనూ దెబ్బతీశాయి. విమానాన్ని తిప్పడానికి గానీ దించడానికి గానీ పైలట్ల చేతిలో మామూలు నియంత్రణలేవీ మిగలలేదు. కెప్టెన్ ఆల్ హేన్స్ అన్ని పనులూ తానే నెత్తిన వేసుకోలేదు. ప్రయాణికుల మధ్య కూర్చున్న డెన్నీ ఫిచ్ అనే శిక్షకుడు, అదే రకం విమానం మీద పైలట్లకు తర్ఫీదునిచ్చేవాడు, సాయం చేస్తానంటే ఆయనను కాక్‌పిట్‌లోకి రానిచ్చి, మిగిలిన రెండు ఇంజన్ల థ్రాటిళ్లను ఆయన చేతికి అప్పగించారు. విమానం ఆ స్థితిలో ఉండగానే వారిద్దరూ పేర్లు చెప్పుకుని పరిచయమయ్యారు. అలా సూ సిటీ దాకా తెచ్చిన విమానం రన్‌వే మీద విరిగి మంటల్లో చిక్కుకున్నా, అందులోని 296 మందిలో 184 మంది బతికి బయటపడ్డారు.

పైలట్లు ఆ కథను హేన్స్ కోసం, ఫిచ్ కోసం చెప్పుకుంటారు, అది సబబే. మా వృత్తివారు చదవవలసింది మాత్రం ఆ డిస్క్ గురించి. అందులో పగులు అంతకుముందు జరిగిన తనిఖీ నాటికే ఉందని, ఆ తనిఖీలో అది దొరకకుండా పోయిందని దర్యాప్తులో తేలింది. ఎక్కడో ఒక హ్యాంగర్‌లో నాలాంటివాడే ఒకడు చూసి, బాగుందని సంతకం పెట్టాడు. ఇది తెలిశాక, నా సంతకం చూసిన తర్వాత కూడా పిన్నును తడిమిన ఆ వేలి మీద నాకున్న కోపం పూర్తిగా పోయింది. ఆ రాత్రి నేను చూసింది సరిగ్గానే చూశాను. ఏదో ఒక రాత్రి సరిగ్గా చూడకపోయే అవకాశం నాలో ఉంది, ఆయనలోనూ ఉంది. అందుకే ఒక విమానానికి రెండు జతల కళ్లు.

రెండవ సందర్భం 2013 జనవరిలో, దేవనహళ్లిలో. పొగమంచు విడిచాక ఆలస్యంగా దిగిన ఒక విమానంలో, రన్‌వేకు చేరువగా ఉండగా పక్షి తగిలి ఉండవచ్చని వచ్చిన కెప్టెన్ లాగ్‌లో రాసి వెళ్లారు. కుడి ఇంజను దగ్గరికి వెళ్లాను. ముందున్న కోను మీద చిటికెన వేలంత వెడల్పున నెత్తుటి చార ఉంది. ఫ్యాన్‌ను చేత్తో తిప్పుతూ ఒక్కొక్క బ్లేడు అంచునూ వేలితో తడిమి చూశాను, ఎక్కడా సొట్ట లేదు. కానీ ఫ్యాన్ వెనకాల, ఇంజను గర్భంలోకి గాలి వెళ్లే దారి అంచున, బూడిదరంగు నూగు ఈక ఒకటి అతుక్కుని ఉంది, కమురు వాసన కూడా సన్నగా తగిలింది. అంటే పక్షి బయటి దారిన పోకుండా, కనీసం కొంత భాగమైనా లోపలికి వెళ్లింది. అలాంటప్పుడు బోరోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టాన్ని లోపలికి పంపి కంప్రెసర్ బ్లేడ్లను చూడకుండా ఇంజనును వదలకూడదు.

విమానం అప్పటికే రెండు గంటలు ఆలస్యంగా నడుస్తోంది. సమయపాలన చూసే అధికారి ఒకరు వచ్చి, బ్లేడ్లు బాగానే ఉన్నాయి కదా, పంపించెయ్యండి, రాత్రికి వేరే స్టేషన్లో చూసుకుంటారు అన్నారు. నేను కుదరదన్నాను. ఆయన గొంతు పెంచారు. ఆ అధికారి చెడ్డవారు కారు, గేటు దగ్గర నూట డెబ్బై మంది ప్రయాణికుల కోపాన్ని మొయ్యవలసింది ఆయనే. నా నోరు ఎండిపోయింది. సంతకం పెట్టనని చెప్పే హక్కు నాకుందని చట్టం చెబుతుంది. ఆ మాట అన్నప్పుడు పక్కన ఒక్క మనిషీ నిలబడకపోతే ఎలా ఉంటుందో ఈ వృత్తిలో ఉన్నవారందరికీ తెలుసు.

సరిగ్గా అప్పుడే సిబ్బంది వ్యాను వచ్చి ఆగింది. అందులోంచి దిగిన కెప్టెన్ ఆయనే. జుట్టు తెల్లబడింది, ముఖం అదే. ఇద్దరి మాటా పూర్తిగా విన్నారు. ఈక ఎక్కడ ఉందో చూపించమని నన్ను అడిగి, నాతో పాటు వంగి చూశారు. మాన్యువల్‌లో ఆ పేజీ తెరవమన్నారు. మొదటి వాక్యంతో సరిపెట్టుకోకుండా పేజీ చివరిదాకా చదివి, అధికారి వైపు తిరిగి, ఏ మాత్రం హెచ్చని గొంతుతో, "ఇంజనీరు ఈ విమానాన్ని నాకు ఇవ్వలేదు. ఇవ్వని విమానాన్ని నేను తీసుకోలేను" అన్నారు. ఆ తర్వాత ఎవరూ అడగకుండానే గేటు దగ్గరికి వెళ్లి, ఎంతసేపు పడుతుందో, ఎందుకు పడుతుందో ప్రయాణికులకు స్వయంగా చెప్పారు. తన డ్యూటీ గంటలు ముగిసిపోతే ఆ ప్రయాణం తన చేయి దాటిపోతుందని ఆయనకు తెలుసు.

పనికి రెండున్నర గంటలు పట్టింది. గేర్‌బాక్సులో రాచెట్ పెట్టి నేను ఇంజను లోపలి భాగాన్ని కొద్దికొద్దిగా తిప్పుతుంటే, నా సహచరుడు తెర మీద ఒక్కొక్క బ్లేడును లెక్కపెట్టుకుంటూ చూశాడు. నడిమధ్యలో ఆయన వచ్చి, అడ్డం కాకపోతే తానూ చూడవచ్చా అని అడిగారు. చిన్న తెర మీద, నల్లటి నేపథ్యంలోంచి ఒక బ్లేడు మెరుస్తూ వచ్చి, తన అంచును చూపించి, పక్కకు జారిపోయేది. వెంటనే ఇంకొకటి. ఇది ఎన్నో స్టేజి అని, ఆ మచ్చ మసా గీతా అని మాత్రమే అడిగారు. అది మసే. చివరికి లోపల ఏ నష్టమూ కనబడలేదు. ఏమీ లేనిదానికి ఇంతమందిని ఆపానే అన్న బరువుతో, "ఏమీ లేదు సార్" అని చెప్పాను.

"మంచిది. ఇప్పుడు మనిద్దరికీ తెలుసు" అన్నారు, కలం తీసి సంతకం పెట్టారు.

టగ్ అనే బండి విమానాన్ని వెనక్కి నెట్టే పుష్‌బ్యాక్‌కు, పైలట్లతో మాట్లాడే హెడ్‌సెట్ మీద నేనే ఉన్నాను. టగ్ విడిపోయాక ముందు చక్రం దగ్గరి పిన్ను తీసి, పక్కకు నడిచి, పిన్ను బయటికి వచ్చేసిందని పైలట్లకు తెలిసేలా దాని ఎర్ర రిబ్బనును పైకెత్తి చూపించడం మా పద్ధతి. కాక్‌పిట్ నుంచి సాధారణంగా ఒక చెయ్యి ఊగుతుంది. ఆ రోజు ఆయన కుర్చీలో నిటారుగా జరిగి, నుదుటికి చెయ్యి ఆనించి, నేను రిబ్బను దించేదాకా ఆ చెయ్యి దించలేదు.

హడ్సన్ నది మీద విమానాన్ని దించిన సల్లీ సలెన్‌బర్గర్ గురించి మావాళ్లు ఎప్పుడు మాట్లాడినా నాకు ఆ రోజే గుర్తుకొస్తుంది. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పైకి లేచిన ఏ320కి బాతుల గుంపు తగిలి రెండు ఇంజన్లూ బలం కోల్పోతే, మూడున్నర నిమిషాల్లో నీటి మీద దించి, 155 మందీ బతికేలా చేశారు. నాకు అందులో ఎక్కువగా నచ్చేవి రెండు చిన్న సంగతులు. చెక్‌లిస్టులో వంతు రాకముందే ఆయన తోకలో ఉండే చిన్న సహాయక ఇంజను ఏపీయూను స్టార్ట్ చేశారు. దానివల్ల విద్యుత్తు ఆగకుండా, విమానపు రక్షణ వ్యవస్థలు చివరిదాకా పనిచేశాయి. తను నడిపే యంత్రం లోపల ఏముందో ఎరిగిన మనిషి చేసే పని అది. రెండవది, పక్షులు తగిలినప్పుడు విమానం ఫస్ట్ ఆఫీసర్ జెఫ్ స్కైల్స్ చేతిలో ఉంది, ఏ320 శిక్షణ ముగిశాక అది ఆయన మొదటి ట్రిప్పు. "మై ఎయిర్‌క్రాఫ్ట్" అని సలెన్‌బర్గర్ అంటే, "యువర్ ఎయిర్‌క్రాఫ్ట్" అని స్కైల్స్ అప్పగించి, మరుక్షణం ఇంజన్లను తిరిగి రగిలించే చెక్‌లిస్టు అందుకున్నారు. తీసుకున్నవారికి దక్కిన కీర్తిలో అప్పగించినవారికీ వాటా ఉందని సలెన్‌బర్గర్ మొదటి నుంచీ చెబుతూనే ఉన్నారు. వినేవాళ్లే ఆ మాటను చాలినంతగా పట్టించుకోలేదని నా బాధ.

మూడవసారి కలిసింది 2019లో, ఒక ఆదివారం. మా ఇల్లు సి.వి. రామన్ నగర్‌లో. పదేళ్ల మా అమ్మాయిని తీసుకుని, సురంజన్ దాస్ రోడ్డు మీదుగా హెచ్‌ఏఎల్ హెరిటేజ్ మ్యూజియానికి వెళ్లాను. బయట నిలబెట్టిన మారుత్ యుద్ధవిమానం దగ్గర మా అమ్మాయి ఇంజన్లు ఎక్కడున్నాయని అడిగితే, రెండు ఆర్ఫియస్ ఇంజన్లు పక్కపక్కన లోపల ఉండేవని చెబుతున్నాను.

"ఆ ఇంజన్ల బలం దీనికి చాలలేదమ్మా" అని వెనక నుంచి ఎవరో తెలుగులో అన్నారు.

తిరిగి చూస్తే ఆయన. ఆయన పేరును బట్టి ఏ భాషవారో పోల్చుకోవడం కష్టం, నేనెప్పుడూ ఆలోచించనూ లేదు. నన్ను ఒక్క క్షణం చూసి, "మీరు ఆ ఈక చూపించిన ఇంజనీరు గారు కదూ?" అన్నారు. మీరు తెలుగువారా సార్ అంటే, పుట్టి పెరిగింది బేగంపేటలోనేనని, మీరు తెలుగువారని నాకూ తెలియదుగా అని నవ్వారు. రెండుసార్లు ఒకే విమానం కింద నిలబడి, రెండుసార్లూ ఇంగ్లీషులోనే మాట్లాడుకుని విడిపోయాం. రిటైరయ్యాక ఈ ఊళ్లోనే ఉంటున్నారట. 2006 నాటి పిన్ను సంగతి చెప్పాను. ఆయనకు అసలు గుర్తులేదు. అందుకు నాకు సంతోషమే కలిగింది. నేను ఏళ్ల తరబడి మోసిన ఆ ప్రశ్న ఆయన రోజూ, అందరినీ అడిగేదన్నమాట.

"తాతగారూ, మీరు పైలటా?" అని అడిగింది మా అమ్మాయి.

"అవునమ్మా. మీ నాన్నగారు సంతకం పెట్టి ఇస్తే నడిపేవాణ్ణి."

మారుత్‌ను మొదటిసారి, 1961 జూన్ 17న, ఎగిరించింది గ్రూప్ కెప్టెన్ సురంజన్ దాస్ అని, 1970 జనవరి 10న ఈ కోవ విమానమే కూలి ఆయన ఇదే ఊళ్లో పోయారని మా అమ్మాయికి చెప్పారు. ఇప్పుడు మీరు వచ్చిన దారి ఆయన పేరు మీదిదే అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఆయన పేరు రోడ్డుకు పెట్టారు, పెట్టవలసిందే. మొదటి రోజు దీన్ని ఆయనకు సిద్ధం చేసి ఇచ్చిన మెకానిక్కుల పేర్లు ఎవరైనా రాసి ఉంచారంటారా?" అని అడిగారు. నాకు తెలియదన్నాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత చేతులు వెనక్కి కట్టుకుని, విమానం ముక్కుకు ఎడమ వైపు నుంచి, వాక్ అరౌండ్ ఎక్కడ మొదలుపెడతామో సరిగ్గా అక్కడి నుంచి, మెల్లగా నడక మొదలుపెట్టారు. చక్రం దగ్గర ఆగి, మోకాలు సహకరించక, నడుము మాత్రం వంచి లోపలికి చూశారు. నేను మా అమ్మాయి చెయ్యి పట్టుకుని ఆయన వెనకే వెళ్లి, ఆయన చూడలేకపోయినంత కిందికి కూర్చుని చూసి, ఏముందో చెప్పాను.