82 ఏళ్లకి స్ట్రోక్ వస్తే తొడ దగ్గర్నుంచి వైరు పంపి రక్తం గడ్డ తీశారు

పక్షవాతం వస్తే వచ్చినవాళ్లకి తెలియదా అంటారు, నాకైతే తెలియనే లేదు. పొద్దున్నే చేతిలో గ్లాసు జారిపోతే మా కోడలు పరిగెత్తుకొచ్చి "అత్తయ్యా, మూతి అలా పక్కకి పోయిందేంటి" అంటోంది, నేనేమో నాకేం కాలేదు ఎందుకా కంగారు అని దానిమీదే విసుక్కున్నానట. మెదడు కుడివైపు దెబ్బతింటే ఎడమ చెయ్యి, కాలు పడిపోవడమే కాదు, కొంతమందికి ఎడమ పక్క అంటూ ఒకటుందన్న ధ్యాసే పోతుందని తర్వాత డాక్టరు చెప్పారు.

మాది తెనాలి. దగ్గర్లో ఆస్పత్రికి తీసుకెళ్తే స్కాన్ తీసి బ్లీడింగ్ లేదు, పెద్ద నాళంలో గడ్డ అడ్డం పడింది అన్నారు. నాలుగున్నర గంటల లోపే వెళ్లాం కాబట్టి గడ్డ కరిగే ఇంజక్షన్ చేసి, అంత గడ్డ దీనితో కరగడం కష్టం, నాళంలోకి వైరు పంపి గడ్డ తీసే గది, అదే క్యాత్ ల్యాబ్, ఉన్నచోటికి వెళ్లండి అని అంబులెన్సులో విజయవాడ పంపించారు.

అసలు గొడవ అక్కడ. మా బంధువు ఒకాయన, పేరెందుకు లెండి, ఫోన్ చేసి మావాడితో "ఈ వయసులో తలలోకి వైర్లు అవసరమా రా, ప్రశాంతంగా పోనివ్వండి" అన్నాడట. ఖర్చా లక్షల్లో ఉంది, ఆ గడ్డ పట్టే వైరు ఒకరికి వాడితే ఇంక పారేసేదే. డాక్టరు మాత్రం నా వయసు దగ్గర ఆగలేదు, నిన్నటిదాకా ఎలా ఉన్నారు, స్నానం తనే చేస్తారా, ఒక్కరే బయటికెళ్తారా, మతిమరుపు ఉందా అని ఇవే అడిగారట. మావాడు "నిన్న సాయంత్రం గుడికి నడిచెళ్లొచ్చి కిరాణా బిల్లులో తప్పు పట్టుకుంది సార్" అన్నాడట. ఇంకేం, సంతకం పెట్టమన్నారు.

2015లో ఐదు పెద్ద స్టడీలు వచ్చాయట, వాటిలో 1287 మందిని కలిపి చూస్తే 80 దాటినవాళ్లకి కూడా ఈ పద్ధతి పనిచేసిందట. అలాగని డాక్టరు తేనె పూసి చెప్పలేదు, పెద్దవాళ్లలో కోలుకోవడం తక్కువే, ప్రాణం పోయే రిస్కూ ఎక్కువే, కానీ చేయకపోతే ఇంకా ఘోరం అన్నారట.

మత్తు పూర్తిగా ఇవ్వలేదు, తొడ దగ్గర మాత్రం మొద్దుబారడానికి సూది వేశారు. "మామ్మగారూ తల కదపకండి" అని ఎవరో అంటూనే ఉన్నారు. వయసు మీద నాళాలు వంకర్లు తిరిగిపోతాయి కదా, వైరు పైకెక్కడానికే చాలాసేపు పట్టిందట. లాగేటప్పుడు మాత్రం తల లోపల ఎవరో పట్టి గుంజినట్టు ఒక నొప్పి, అబ్బా అనేశా. బయటికొచ్చిన గడ్డని గాజుగుడ్డ మీద పెట్టి ఫోటో తీసి మావాళ్లకి చూపించారు, చింతపండు పీచు ముక్కంత ఉంది, దానికా ఇంత హంగామా!

తర్వాత కాలు మడవకుండా గంటలకొద్దీ పడుకోబెట్టారు, అది ఆపరేషన్ కంటే నరకం. మింగడం టెస్టు అయ్యేదాకా మంచినీళ్లు కూడా ఇవ్వలేదు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుందట. అన్నం పెట్టిన రోజు కూర వెయ్యలేదేంటే అని కోడలిమీద అరిచా. అది ఏం మాట్లాడకుండా కంచం తిప్పింది, కూర అక్కడే ఉంది, ఎడమవైపు, ముట్టుకోకుండా.

కాలు తొందరగానే దారికొచ్చింది, వాకర్ వదిలేశా. ఎడమ చెయ్యే మొండికేసింది. ఫిజియో అబ్బాయి వేరుశనగ గింజలు ఏరించేవాడు, నాకేమో చీర కుచ్చిళ్లే పెద్ద పరీక్ష, కుడిచేత్తో మడత పెడుతుంటే ఎడమచేతిలోంచి జారిపోయేవి. ఇప్పుడు వస్తున్నాయి, కాస్త వంకరగా. జాకెట్టు హుక్సు మాత్రం కోడలే పెడుతోంది.

గడ్డ ఎక్కడిదీ అంటే గుండె నుంచి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అట, గుండె లయ తప్పి కొట్టుకుంటుంటే లోపల రక్తం గడ్డకట్టి పైకి పోతుందట, నాకు ఒక్కనాడు దడ కూడా తెలియలేదు. అందుకని అపిక్సాబాన్ అని రక్తం గడ్డకట్టనివ్వని మాత్ర పొద్దునా సాయంత్రం వేసుకోవాలి, సొంతంగా మానెయ్యకూడదు, పన్ను పీకించుకోవాలన్నా ముందు ఈ మాత్ర సంగతి చెప్పాలట. పీకడానికి పళ్లెక్కడున్నాయి నాయనా, ఉన్నవి నాలుగు.