మంగమారిపేట రాళ్ల దగ్గర పగిలిన కర్ణభేరి

సిలిండరు లేకుండా, ఒక్క ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగే ఫ్రీడైవింగ్ గురించి చెప్పినప్పుడల్లా అందరూ ఊపిరితిత్తుల గురించే అడుగుతారు. నన్ను ఆసుపత్రికి చేర్చింది మాత్రం కుడి చెవి, అదీ ఇద్దరు మనుషుల ఎత్తుకు మించని నీటిలో. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్లే బీచ్ రోడ్డులో, తొట్లకొండకు ఎదురుగా, మంగమారిపేట తీరంలో సహజ శిలాతోరణం ఉంది. ఒడ్డున కనిపించే ఆ రాళ్లు నీటి అడుగున కూడా కొనసాగుతాయి. వానలు మొదలై గెడ్డల బురదనీరు సముద్రంలో కలవక ముందు, వేసవి తొలి రోజుల్లో, వాటిని పట్టుకుని బతికే, పువ్వుల్లా కనిపించే ఎనిమోన్ జీవులను, ఆలుచిప్పలను, సందుల్లో దాగే చేపలను చూడడానికి మేము దిగుతుంటాము.

ఆ ఉదయం నాకు జలుబు లేదు, ముక్కు శుభ్రంగా ఉంది. నీటిపైన తేలే బోయాకు కట్టిన తాడు వెంట తలకిందులుగా దిగుతూ ముక్కు మూసి గాలిని చెవుల్లోకి నెట్టినప్పుడు ఎడమ చెవి తెరుచుకుంది, కుడి చెవి మొరాయించింది. పైకి తిరగబోయేంతలోనే దబ్బనంతో గుచ్చినట్లు నొప్పి వచ్చింది, లోపల చిన్న చప్పుడయింది, ఆ వెంటనే నొప్పి మాయమైంది. నొప్పి పోవడం మంచి సూచన కాదని మరుక్షణమే తెలిసింది. చిల్లు గుండా లోపలికి చేరిన నీరు శరీరం కంటే చల్లగా ఉంటుంది కాబట్టి, సమతౌల్యాన్ని చూసుకునే లోచెవి ఒక పక్కన చల్లబడి, తల తిరుగుతోందని మెదడుకు తప్పుడు కబురు పంపుతుంది. సముద్రమంతా గిర్రున తిరిగింది, పైకేదో కిందికేదో తెలియలేదు. తాడును వదలకుండా పట్టుకున్నాను.

పైన బోయా పట్టుకుని నన్నే చూస్తున్న మిత్రుడు మత్స్యకార కుటుంబంలో పుట్టినవాడు. నాకంటే పెద్దవాడు కనుక అన్నా అని పిలుస్తాను. ఒకరు దిగినప్పుడు మరొకరు పైనే ఉండి చూడాలన్నది మా ఇద్దరి మధ్య ఎప్పుడూ తప్పని నియమం. ఆయన దిగి నా చంక కింద చెయ్యి వేసి పైకి తెచ్చాడు, గడ్డం నీటిపైన ఉండేలా పట్టుకుని, "ఊపిరి తీసుకో, కళ్లు మూయకు" అని చెబుతూనే ఉన్నాడు. చెవిలో చేరిన నీరు వెచ్చబడేసరికి తిరుగుడు ఆగింది, కానీ ఉమ్మిలో నెత్తురు చార కనిపించింది.

లోతు తక్కువైతే ప్రమాదమూ తక్కువని చాలామంది అనుకుంటారు. చెవి విషయంలో లెక్క తలకిందులు. పది మీటర్ల లోతులో పీడనం నీటి ఉపరితలంలో ఉన్నదానికి రెట్టింపవుతుంది కాబట్టి, కర్ణభేరి వెనక ఉండే మధ్యచెవిలోని గాలి సగానికి కుంచించుకుపోవాలని చూస్తుంది. ఆపైన ఇరవై మీటర్ల దాకా దిగినా, మిగిలిన గాలిలో మూడో వంతే తగ్గుతుంది. అంటే అసలు ఒత్తిడంతా మొదటి మీటర్లలోనే ఉంది. గొంతు వెనక నుంచి చెవికి గాలి చేర్చే యూస్టేషియన్ నాళం సకాలంలో తెరుచుకోకపోతే, మీటరు దాటి కొంచెం దిగేసరికే అది బిగుసుకుపోతుంది, ఆ తరువాత ఎంత ప్రయత్నించినా తెరుచుకోదు.

ఇంటికి రాగానే అమ్మ వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన కొబ్బరినూనె చెవిలో పోయడానికి సిద్ధమైంది. మా ఇంట్లో చెవిపోటుకు తరతరాలుగా అదే మందు. చిల్లు పడిన చెవిలో నూనె గాని, తెలియని చుక్కల మందు గాని పోయకూడదని బతిమాలి ఒప్పించవలసి వచ్చింది. మర్నాడు చెవి ముక్కు గొంతు వైద్యురాలు మొదట అడిగిన ప్రశ్న నొప్పి గురించి కాదు. తల ఇంకా తిరుగుతోందా, చెవిలో హోరు ఉందా అని. అవి తగ్గకుండా ఉంటే దెబ్బ లోచెవికి తగిలి ఉండవచ్చునని, అప్పుడు వైద్యం వేరని, ఆలస్యం పనికిరాదని వివరించారు. శ్రుతిదండాన్ని మోగించి నుదుటి మీద పెడితే ఆ నాదం దెబ్బతిన్న చెవిలోనే గట్టిగా వినబడింది. నేను కంగారు పడ్డాను, ఆవిడ మాత్రం తేలికపడ్డారు. నరం బాగానే ఉందని, ధ్వని దారిలోనే అడ్డంకి ఉందని దాని అర్థమట. ముక్కులోంచి సన్నని గొట్టం పంపి చూస్తే, ధూళి అలర్జీ వల్ల నాళం ముఖద్వారం వాచి ఉంది. ముక్కు తేలిగ్గా ఆడినంత మాత్రాన చెవి దారి తెరిచి ఉందని చెప్పలేమని నాకు అప్పుడే తెలిసింది.

ఇలాంటి చిల్లులు చాలావరకు కొన్ని వారాల నుంచి రెండు నెలల లోపు వాటంతటవే పూడుకుంటాయి. వైద్యమంతా ఎదురుచూడడమే, ఎదురుచూడడమే కష్టం. తలస్నానానికి వేజలీన్ అద్దిన దూది ఉండ చెవిలో పెట్టుకున్నాను, ముక్కు గట్టిగా చీదలేదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాను, అలర్జీకి ముక్కులో కొట్టుకునే మందు క్రమం తప్పకుండా వాడాను. కుడివైపు నుంచి ఎవరు పిలిచినా కుండలోంచి మాట్లాడుతున్నట్లే ఉండేది. ఆ వేసవి అంతా నేను ఒడ్డునే కూర్చోగా, అన్న మరొకరిని తోడు పిలుచుకుని దిగేవాడు.

కర్ణభేరి పూడిందని కంటితో చూసి, వినికిడి పరీక్ష, కర్ణభేరి కదలికను కొలిచే పరీక్ష రెండూ సరిగా వచ్చాకే వైద్యురాలు నీటిలోకి అనుమతించారు. ఇప్పుడు తల పైకి పెట్టి, కాళ్లు ముందుగా, తాడు పట్టుకుని దిగుతాను. ఛాతీ బలంతో ఊదడం మానేసి, నాలుక వెనక భాగంతో గాలిని నెట్టడం నేర్చుకున్నాను; గట్టిగా ఊదితే లోచెవి పొర కూడా చిరగవచ్చు. నొప్పి వచ్చేదాకా ఆగకుండా ప్రతి అర మీటరుకూ చెవులు తెరుస్తాను, ఒక్కసారి తెరుచుకోకపోయినా పైకి వచ్చేస్తాను. దిగేముందు గబగబా ఊపిరి పీల్చి వదలడం మేము ముందు నుంచీ చేయము. దానివల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, ప్రాణవాయువు అయిపోవస్తున్నా ఊపిరి తీసుకోవాలనే తహతహ పుట్టదు, పైకి వస్తుండగానో వచ్చాకనో స్పృహ తప్పవచ్చు. అందుకే నేను పైకి వచ్చి ఊపిరి తీసుకున్నాక కూడా అన్న అర నిమిషం పాటు నా ముఖం నుంచి చూపు తిప్పడు. రాళ్లకు చిక్కిన పాత వలలు ఉన్నచోటికి వెళ్లము, నీరు కలకబారి ఒకరికొకరు కనబడకపోతే ఆ రోజు దిగము. శీతాకాలంలో వినికిడి పరీక్ష మరోసారి ఉంది, అది అయ్యేదాకా ఐదు మీటర్లు దాటకూడదని నాకు అన్నే ఆంక్ష పెట్టాడు.