కుడి గుండె ఎకో: ట్యాప్సీ ఒక్కటే చూసి నార్మల్ అనొద్దు

సిరోంచ, బల్లార్షా, చాందా (చంద్రపూర్) వైపు ఆయాసమంటూ ఎకోకి (గుండె అల్ట్రాసౌండ్ పరీక్షకి) వచ్చేవాళ్లలో బీడీ పొగకో కట్టెల పొయ్యి పొగకో ఊపిరితిత్తులు చెడినవాళ్లుంటారు, పాత టీబీ వాళ్లుంటారు, సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య రోగం) వాళ్లూ ఉంటారు. వీళ్లలో భారం పడేది ఎక్కువగా కుడి జఠరిక (ఆర్వీ, ఊపిరితిత్తులకు రక్తం తోసే గది) మీదే. ఎడమ జఠరిక రక్తం తోసే శాతం ఒక్కటే చూసి "ఈఎఫ్ 60, నార్మల్" అని రాసి పంపేస్తే కాళ్ల వాపు ఎందుకొచ్చిందో తేలదు.

ముందు వ్యూ సరిగ్గా పట్టాలి. మామూలు నాలుగు గదుల వ్యూలో ఆర్వీ బయటి గోడ సగం తెగిపోతుంది. ప్రోబ్‌ని కాస్త బయటి పక్కకు జరిపి, ఎల్వీ (ఎడమ జఠరిక) కొన మధ్యలోంచి తప్పకుండా చూసుకుంటూ, ఆర్వీ అడుగు భాగం బాగా వెడల్పుగా కనిపించేదాకా తిప్పండి. డయాస్టోల్ (గుండె సడలే దశ) చివర అక్కడ 41 మిల్లీమీటర్లు దాటితే పెద్దదైనట్టే.

ట్యాప్సీ (గుండె కొట్టినప్పుడు ట్రైకస్పిడ్ కవాటం రింగు కొన వైపు ఎంత కదిలిందో చెప్పే కొలత) తియ్యడం తేలిక, మోసపోవడం అంతకన్నా తేలిక. ఎం-మోడ్ (ఒకే గీత మీది కదలికను కాలంతో చూపే పద్ధతి) గీత ట్రైకస్పిడ్ రింగు బయటి మూల మీదుగా, అది కదిలే దిక్కునే పోవాలి. ఏటవాలుగా పోతే అంకె తగ్గుతుంది. 17 మిల్లీమీటర్లకు తక్కువైతే లోపమే. కానీ ట్రైకస్పిడ్ లీకు తీవ్రంగా ఉంటే పని బాగాలేకున్నా 20 చూపిస్తుంది. గుండె ఆపరేషన్ అయినవాళ్లలో పని బాగున్నా తగ్గిపోతుంది. అందుకే టిష్యూ డాప్లర్‌లో ఎస్ ప్రైమ్ (ఆ రింగు కదిలే వేగం, 9.5 సెంటీమీటర్లు/సెకనుకు తక్కువైతే లోపం), ఎఫ్ఏసీ (ఆర్వీ వైశాల్యం ముడుచుకునే శాతం, 35 శాతానికి తక్కువైతే లోపం) కూడా చూడాలి. ఎఫ్ఏసీ గీసేటప్పుడు లోపలి కండపోగులను గదిలోనే కలుపుకోవాలి, గోడలో కాదు.

టీఆర్ (ట్రైకస్పిడ్ లీకు) వేగంలో పొరపాటు వర్గమై పెరుగుతుంది: 3.2 మీటర్లు/సెకనుకు గ్రేడియంట్ (ఆర్వీకి, కుడి కర్ణికకు మధ్య ప్రెషర్ తేడా, వేగం వర్గానికి నాలుగు రెట్లు) 41 మి.మీ. పాదరసం, గెయిన్ (తెర మీద సంకేతం ప్రకాశం) పెంచి మసక అంచు పట్టుకుని 3.5 అంటే 49. చిక్కటి అంచునే పట్టుకోండి. ఉబ్బిన ఛాతీలో ఎపికల్ (గుండె కొన వైపు) నుంచి ఏమీ దొరకదు, సబ్‌కాస్టల్‌కి (పక్కటెముకల కింది నుంచి చూడటానికి) వెళ్లండి. లీకు జెట్ దొరకలేదంటే ఊపిరితిత్తుల ధమనిలో ప్రెషర్ పెరగలేదని కాదు. పల్మనరీ యాక్సిలరేషన్ టైమ్ (ఊపిరితిత్తుల ధమనిలో రక్తం గరిష్ఠ వేగాన్ని అందుకునే సమయం) 105 మిల్లీసెకన్లకు తక్కువుందేమో చూడండి.

సబ్‌కాస్టల్‌లోనే ఆర్వీ గోడ మందం కొలవండి. 5 మిల్లీమీటర్లు దాటితే పాత రోగం. గోడ పల్చగా ఉండి, గ్రేడియంట్ 60 లోపు ఉండి, ఆర్వీ ఉబ్బితే ఊపిరితిత్తుల్లో కొత్తగా గడ్డ చేరిందేమోనని అనుమానించాలి. అలవాటు లేని ఆర్వీ ఒక్కసారిగా అంతకు మించి తొయ్యలేదు.

ఐవీసీ (కింది భాగం నుంచి గుండెకు రక్తం తెచ్చే పెద్ద సిర) దగ్గర "గట్టిగా ఊపిరి తీసుకో" అంటే పొట్ట ఉబ్బి సిర పక్కకు జారిపోతుంది, ముడుచుకుపోయిందని పొరబడతాం. "జలుబు చేస్తే ముక్కు ఎగబీల్చినట్టు చెయ్యమ్మా" అనండి. 21 మిల్లీమీటర్లలోపు ఉండి సగానికి మించి ముడుచుకుంటే కుడి కర్ణిక ప్రెషర్ 3 మి.మీ. పాదరసం, పెద్దదై సగం కూడా ముడుచుకోకపోతే 15, మధ్యస్థమైతే 8.

సికిల్ సెల్‌లో మాత్రం టీఆర్ వేగం 2.8 మీటర్లు/సెకను దాకా ఆగొద్దు, 2.5 మీటర్లకే జాగ్రత్తపడాలి. నొప్పి క్రైసిస్‌లో, ఛాతీ సిండ్రోమ్‌లో (సికిల్ సెల్ వల్ల ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతిన్నప్పుడు) ఈ వేగం తాత్కాలికంగా పెరుగుతుంది. కాబట్టి ఆ రోజు వచ్చిన అంకెతో ముద్ర వేయకుండా, రిపోర్టులో హిమోగ్లోబిన్ రాసి, కుదుటపడ్డాక మళ్లీ పిలవండి.