ఫ్రేము ఒప్పుకున్నంత మేరకు: నా హార్డ్‌టెయిల్ సైకిల్‌కు కొత్త భాగాలు అమర్చుకున్న అనుభవం

నా దగ్గర ఉన్నది హార్డ్‌టెయిల్ రకం మౌంటెన్ బైకు. అంటే ముందు చక్రానికి మాత్రమే సస్పెన్షన్ ఉంటుంది, వెనుక భాగం కదలని ఫ్రేము. అల్యూమినియం ఫ్రేము, 29 అంగుళాల చక్రాలు, ముందు మూడు, వెనుక ఎనిమిది గేర్లు, కేబుల్‌తో పనిచేసే డిస్కు బ్రేకులు, లోపల స్ప్రింగు ఉండి 100 మిల్లీమీటర్ల దాకా అణిగే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే సస్పెన్షన్ కాళ్లు) దాని మొదటి స్వరూపం. హైదరాబాదులో గండిపేట చుట్టుపక్కల మట్టి దారుల్లోనూ, సెలవు దొరికినప్పుడు వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లోనూ తొక్కుతుంటాను. ఫ్రేము నా ఎత్తుకు చక్కగా కుదిరింది. ఎక్కడా పగులు గాని, సొట్ట గాని లేదు. అరిగిపోయినవీ, గుట్ట దిగేటప్పుడు నమ్మకం ఇవ్వనివీ దానికి బిగించిన భాగాలే. అందుకే సైకిల్‌ను అమ్మి కొత్తది కొనే బదులు, ఒక్కొక్క భాగాన్నీ మార్చుకుంటూ పోదామని నిర్ణయించుకున్నాను.

ఈ పనిలో అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది కొనడం మీద కాదు, కొలవడం మీద అని నా గట్టి అభిప్రాయం. సైకిల్ పరిశ్రమలో కొలతలు కొన్నేళ్లకొకసారి మారిపోతూ వచ్చాయి. 2014 ప్రాంతంలో వెనుక హబ్బు (చక్రం నడిమి భాగం) వెడల్పును 148 మిల్లీమీటర్లకు పెంచిన బూస్ట్ పద్ధతి వచ్చింది. 2018లో షిమానో సంస్థ 12 గేర్ల క్యాసెట్ (వెనుక చక్రం పళ్ల గుత్తి) కోసం మైక్రో స్ప్లైన్ అనే కొత్త ఫ్రీహబ్‌ను (హబ్బులో క్యాసెట్ కూర్చునే భాగం) తెచ్చింది. ఇవాళ దుకాణంలో కనిపించే మంచి భాగాల్లో చాలావాటిని ఈ కొత్త కొలతలను దృష్టిలో పెట్టుకునే తయారుచేస్తున్నారు కాబట్టి, 135 మిల్లీమీటర్ల వెనుక హబ్బు, చేత్తోనే విప్పగలిగే మామూలు క్విక్ రిలీజ్ ఇరుసు ఉన్న నాలాంటి వాళ్ల సైకిల్‌కు అవి ఎంత ఖరీదు పెట్టినా ఎక్కవు.

అందువల్ల ముందుగా ఒక వెర్నియర్ కాలిపర్ తెచ్చుకుని, సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, కొలతలన్నీ కాగితం మీద రాసుకున్నాను. సీటు కింది గొట్టాన్ని బయటికి లాగితే దాని మీదే 27.2 అని చెక్కి ఉంది. ఫోర్కు నుంచి హ్యాండిల్ దాకా పైకి వెళ్లే స్టీరర్ గొట్టం పైనా కిందా ఒకే లావు, 28.6 మిల్లీమీటర్లు, కింద లావెక్కే టేపర్ రకం కాదు. ముందు ఇరుసు 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్. పెడల్ ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ గొట్టం వెడల్పు 73 మిల్లీమీటర్లు, లోపల మరలున్న రకం.

వీటన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష వెనుక చక్రానికి చేయాలి. చక్రాన్ని విప్పి చేతిలో పట్టుకుని, పళ్ల గుత్తిని వెనక్కి తిప్పుతూ, మధ్యలో పనిముట్టు దూరే గాడుల వైపు చూడాలి. ఆ గాడులు పళ్లతోపాటే తిరిగితే అది ఫ్రీహబ్ మీద కూర్చున్న క్యాసెట్. గాడులు కదలకుండా పళ్లు మాత్రమే తిరిగితే అది హబ్బుకు మరతో బిగించిన పాత పద్ధతి ఫ్రీవీల్. నా చక్రంలో గాడులు పళ్లతో కలిసి తిరిగాయి. అది ఫ్రీవీల్ అయి ఉంటే వెనుక చక్రం మొత్తం మార్చవలసి వచ్చేది, అప్పుడు ఈ ఆలోచననే విరమించుకునేవాణ్ణి. సైకిల్ ఇప్పుడు ఎంతకు అమ్ముడుపోతుందో ఆ మొత్తానికీ, పెట్టబోయే ఖర్చుకూ కలిపి కొత్త సైకిల్ వచ్చేటట్టయితే కొత్తది కొనుక్కోవడమే మేలు.

ఏ భాగంతో మొదలుపెట్టాలన్నది తరువాతి ప్రశ్న. కంటికి కనిపించేవి గేర్లు కాబట్టి చాలామంది వాటి జోలికే ముందు వెళతారు. నేను మాత్రం నేలను తాకే చోటు నుంచి మొదలుపెట్టాను: టైర్లు, ఆ తరువాత బ్రేకులు, ఆ తరువాత గేర్లు, చివరగా ఫోర్కు. టైర్లు, రిమ్ము టేపు, వాల్వులు, సీలెంటు (ముల్లు గుచ్చిన రంధ్రాన్ని లోపలి నుంచి మూసే ద్రవం) అన్నీ కలిపినా ఫోర్కు ఖర్చులో సగం కాలేదు, కాని తొక్కేటప్పుడు తెలిసిన తేడా మాత్రం వాటిదే ఎక్కువ.

మన దక్కను దారుల్లో టైరుకు అసలు శత్రువు ముల్లు. చెరువు గట్ల వెంట, బీడు భూముల్లో సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగి ఉంటుంది. ఎండిన దాని కొమ్మ ఒకటి దారిలో పడి ఉంటే చాలు, ట్యూబు పోతుంది. పల్లేరు కాయల సంగతి వేరే చెప్పనక్కర లేదు. అందుకని 2.35 అంగుళాల వెడల్పున్న, పక్కలకు గట్టి పళ్లున్న ట్యూబ్‌లెస్ టైర్లు ఎంచుకున్నాను. ఫ్రేము వెనుక గొట్టాల మధ్య కొలిచి చూస్తే టైరుకు ఇరువైపులా ఆరేసి మిల్లీమీటర్ల జాగా మిగులుతుందని తేలింది. వానాకాలంలో వికారాబాద్ ఎర్రమట్టి టైరుకు అంటుకుని పైకి వస్తుంది కనుక అంతకంటే తగ్గితే చక్రం తిరగదు.

రిమ్ము లోపలి వెడల్పు కంటే రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువున్న టేపును సాగదీస్తూ, ముడతలు లేకుండా చుట్టి, వాల్వు బిగించి టైరు ఎక్కించాను. అయితే చేతిపంపుతో ఎంత కొట్టినా, గాలి ఒకవైపు నుంచి ఎక్కుతుంటే మరొకవైపు నుంచి పోతూనే ఉంది. ట్యూబ్‌లెస్ టైరు అంచు రిమ్ము గాడిలోకి ఎగిరి కూర్చోవాలంటే ఒక్కసారిగా చాలా గాలి లోపలికి వెళ్లాలి. చక్రాన్ని తీసుకుని మా వీధి చివర మోటారు సైకిళ్లకు పంక్చర్లు వేసే పెద్దాయన దగ్గరికి వెళ్లాను. సైకిల్‌కు ట్యూబు లేదన్న మాట విని ఆయన చక్రాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గాలి ఆగకుంటే పైసలియ్యకు బిడ్డా" అన్నారు. టైరు అంచుల చుట్టూ సబ్బు నీళ్లు రాశాం. వాల్వు లోపలి సన్నని పిన్నును తీసేసి, నేను తీసుకెళ్లిన చిన్న అడాప్టర్ ద్వారా ఆయన కంప్రెసర్ గొట్టాన్ని పట్టారు. ముందు ఒక అంచు, క్షణం తరువాత రెండో అంచు టప్పున పేలినట్టు గాడిలో కూర్చున్నాయి. ఆ తరువాత గాలి తీసి, ఒక్కో టైరులో 100 మిల్లీలీటర్లకు పైగా సీలెంటు పోసి, పిన్ను పెట్టి మళ్లీ గాలి నింపాం.

ట్యూబు ఉన్నప్పుడు 40 పీఎస్ఐ దాకా గాలి ఉంచవలసి వచ్చేది. లేకపోతే రాయి అంచుకూ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి రెండు చోట్ల చిరిగేది. ఇప్పుడు ముందు 22, వెనుక 25 దగ్గర ఉంచుతున్నాను. టైరు రాతి మీద అణిగి పట్టు దొరికించుకుంటుంది, చిన్న కుదుపులను అదే మింగేస్తుంది. మన ఎండలకు సీలెంటు రెండు మూడు నెలల్లోనే ఆరిపోతుంది కాబట్టి వేసవిలో దాన్ని తరచు చూసుకుంటూ ఉండాలి.

బ్రేకుల పని త్వరగానే ముగిసింది. కేబుల్ బ్రేకుల స్థానంలో షిమానో ఎంటీ200 హైడ్రాలిక్ బ్రేకులు తీసుకున్నాను. లివరుకూ, డిస్కును ప్యాడ్లతో పట్టే కాలిపర్‌కూ మధ్య మినరల్ ఆయిల్ నిండి ఉండి, వేలితో నొక్కిన ఒత్తిడిని అదే ప్యాడ్ల దాకా చేరవేస్తుంది. కొన్ని ఇతర కంపెనీల బ్రేకుల్లో వాడే డాట్ ద్రవాన్ని వీటిలో పోస్తే లోపలి సీళ్లు పాడైపోతాయి. ఈ రెంటినీ ఎన్నడూ కలపకూడదు. ముందు డిస్కును 160 నుంచి 180 మిల్లీమీటర్లకు పెంచాను. అంతే బలంతో నొక్కినా ఎనిమిదో వంతు ఎక్కువ ఆపుదల దొరుకుతుంది. కాకపోతే ఫోర్కు ఎంత పెద్ద డిస్కును తట్టుకోగలదో దాని తయారీదారు చెప్పిన హద్దును ముందే చూసుకోవాలి. కాలిపర్ రెండు బోల్టులను కాస్త వదులుచేసి, లివరు నొక్కి పట్టుకుని, అలాగే బిగిస్తే ప్యాడ్లు డిస్కుకు నడిమధ్యకు వస్తాయి. కొత్త ప్యాడ్లు మొదట్లో సరిగా పట్టవు. ఖాళీ రోడ్డు మీద వేగం అందుకోవడం, పూర్తిగా ఆగకుండా నెమ్మదించడం, ఇలా ఇరవై సార్లు చేస్తే ప్యాడు పొర డిస్కు మీద సమంగా పరుచుకుని అసలు పట్టు వస్తుంది. డిస్కు మీద నూనె చేతులు పడకూడదన్నది ఇంట్లో పిల్లలకు కూడా చెప్పి ఉంచాను.

గేర్ల దగ్గర నేను కాగితం మీద చాలాసేపు లెక్కలు వేసుకున్నాను. ముందు మూడు చైన్‌రింగులు (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాలు) ఉండవలసిన అవసరం 2012లో స్రామ్ సంస్థ ఎక్స్‌ఎక్స్1 తెచ్చినప్పటి నుంచి మౌంటెన్ బైకుల్లో క్రమంగా పోయింది. ఒకే చైన్‌రింగు, వెనుక పెద్ద క్యాసెట్ అన్నదే ఇప్పుడు వాడుక. నా పాత అమరికలో అన్నిటికంటే తేలిక గేరు ముందు 22 పళ్లు, వెనుక 32 పళ్లు. పెడల్ ఒక్క చుట్టు తిరిగితే సైకిల్ సుమారు 1.57 మీటర్లు కదులుతుంది. ముందు 30, వెనుక 51 పళ్లు పెడితే అది 1.35 మీటర్లకు తగ్గుతుంది, అంటే గుట్ట ఎక్కడం మరింత తేలిక. రెండో కొసన 30, 11 పళ్ల జోడీతో నిమిషానికి 90 చుట్లు తొక్కితే గంటకు 34 కిలోమీటర్ల లోపు వేగం వస్తుంది. పాత అమరికలో అది 47 దాకా వెళ్లేది. తారు రోడ్డు మీద గుంపుతో పోటీగా తొక్కేవారికి ఇది లోటే. మట్టి దారిలో నాకు ఆ వేగం ఎన్నడూ అవసరపడలేదు.

షిమానో డియోర్ ఎం5100 వరుసలోని 11 గేర్ల, 11 నుంచి 51 పళ్ల క్యాసెట్ నా పాత ఫ్రీహబ్ మీదనే కూర్చుంటుంది. డియోర్‌లోనే 12 గేర్ల క్యాసెట్ కావాలంటే మైక్రో స్ప్లైన్ హబ్బు ఉండాలి. ఒక గేరు తక్కువైనా చక్రం మిగిలింది కాబట్టి ఇదే సరైన ఎంపిక అనిపించింది. పెడళ్లను పట్టి ఉంచే పాత క్రాంకులను విప్పడానికి ప్రత్యేకమైన పుల్లర్ కావాలి, సుత్తితో కొట్టే పని కాదు. బాటమ్ బ్రాకెట్ విప్పేటప్పుడు చైన్ ఉన్న వైపు కప్పుకు మర తిరగేసి ఉంటుందన్న సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు అలవాటు ప్రకారం తిప్పితే అది విడిపోవడానికి బదులు మరింత బిగుసుకుంటుంది. మరలను గుడ్డతో శుభ్రంగా తుడిచి, గ్రీజు రాసి, కొత్త కప్పులను మొదట చేతితోనే తిప్పి, ఆ తరువాతే పానా పట్టాను.

అన్నీ బిగించాక కూడా నడిమి గేర్లలో చైన్ గరగరమంటూనే ఉంది. కేబుల్ ఎంత సరిచేసినా ఒక గేరు కుదిరితే మరొకటి తప్పుతోంది. కారణం, చైన్‌ను ఒక గేరు నుంచి మరో గేరుకు జరిపే డిరెయిలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్. ఎప్పుడో సైకిల్ కుడివైపు పడినప్పుడు ఆ మెత్తని అల్యూమినియం ముక్క కొద్దిగా లోపలికి వంగింది. ఎనిమిది గేర్లకు ఆ వంపు పట్టింపు కాలేదు. పళ్ల మధ్య ఎడం తక్కువున్న 11 గేర్లకు అది సరిపడదు. దుకాణంలో చక్రానికి ఆనించి కొలిచే గేజితో దాన్ని నిటారు చేయించాను, గరగర అక్కడితో ఆగిపోయింది. ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారపు హ్యాంగర్ ఉంటుంది గనుక, దొరికినప్పుడే అదనంగా ఒకటి కొని సంచిలో ఉంచుకున్నాను.

ఫోర్కు విషయంలో ఎంపిక చాలా ఇరుకైనది. కొత్త మంచి ఫోర్కుల్లో చాలావరకు టేపర్ స్టీరర్, 15 మిల్లీమీటర్ల ఇరుసుతో వస్తున్నాయి. నాకు కావలసినది ఒకే లావున్న స్టీరర్, 9 మిల్లీమీటర్ల ఇరుసు. అవి రెండూ ఉండి, స్ప్రింగుకు బదులు గాలితో పనిచేసే ఫోర్కు కోసం వెతికి వెతికి, సన్‌టూర్ ఎక్స్‌సీఆర్ ఎయిర్ రకం తెప్పించాను. 120 మిల్లీమీటర్లది తీసుకుంటే బాగుంటుందని మిత్రులు కొందరు సలహా ఇచ్చారు. ఫోర్కు 20 మిల్లీమీటర్లు పొడవైతే ముందు భాగం లేచి, స్టీరింగు కోణం దాదాపు ఒక డిగ్రీ వాలుతుంది. దిగుడులో అది నిలకడనిచ్చినా, నిటారు ఎక్కుడులో ముందు చక్రం తేలిపోతుంది. అంతకు మించి, 100 మిల్లీమీటర్ల ఫోర్కు కోసం రూపొందించిన ఫ్రేము తల భాగం మీద ఎక్కువ బరువు పడుతుంది. ఫ్రేము తయారీదారు ఇచ్చిన హద్దును దాటడం నాకు ఇష్టం లేదు, 100కే కట్టుబడ్డాను.

స్టీరర్‌ను కోయించేటప్పుడు హ్యాండిల్ కింద రెండు స్పేసర్లు (ఎత్తు కోసం వేసే రింగులు) అదనంగా ఉండేలా పొడవు వదిలాను. పొడవు ఎక్కువైతే తరువాత తగ్గించుకోవచ్చు, తక్కువైతే ఆ గొట్టం ఇక పనికిరాదు. ఆ కోతా, బేరింగు కింది రింగును ఫోర్కు మీదికి దించడమూ దుకాణంలో చేయించి, మిగిలినవి ఇంట్లో బిగించాను.

గాలి ఫోర్కు గొప్పదనం మన బరువుకు తగ్గట్టు దాన్ని సరిచేసుకోగలగడం. కాలి గొట్టం మీదున్న రబ్బరు రింగును కిందికి జరిపి, నీళ్ల సంచి, హెల్మెట్ అన్నీ వేసుకుని, గోడ పట్టుకుని సైకిల్ మీద నిలబడి, మెల్లగా దిగి చూస్తే రింగు ఎంత పైకి జరిగిందో తెలుస్తుంది. 100 మిల్లీమీటర్లలో 20 నుంచి 25 దాకా దిగాలి. నాకు మొదట 15 మాత్రమే దిగింది. షాక్ పంపుతో కొద్దికొద్దిగా గాలి తీస్తూ 22 దగ్గర నిలిపాను. పాత స్ప్రింగు ఫోర్కు రాయి తగిలినప్పుడు అణిగి, వెంటనే ఎగసి చేతులను తన్నేది. ఇందులో రీబౌండ్ మరను తిప్పి, తిరిగి లేచే వేగాన్ని తగ్గించుకునే వీలుంది. అనంతగిరిలో వేర్లు అడ్డం పడ్డ దిగుడు దారిలో ముందు చక్రం నేలను వదలకుండా సాగుతుంటే, ఇన్నాళ్లూ బ్రేకు మీద బిగపట్టిన వేళ్లు వదులయ్యాయి. యాభై గంటలు తొక్కిన ప్రతిసారీ కింది కాళ్లు విప్పి, తుడిచి, నూనె వేయవలసి ఉంటుంది. ఆ శ్రమకు సిద్ధపడని వారికి గాలి ఫోర్కు కొనమని నేను చెప్పను.

తొక్కుతూనే సీటును దించుకోగలిగే డ్రాపర్ పోస్టు గురించి కూడా ఆలోచించాను. 27.2 లావుకు దొరికే రకాలు తక్కువ, వాటి దిగుడు కూడా తక్కువ. అందువల్ల దిగుడు దారి మొదట్లో ఆగి, చేత్తో సీటు దించుకునే పాత పద్ధతినే కొనసాగిస్తున్నాను. చక్రాలు మార్చమని అడిగిన వారికి కూడా ఇదే సమాధానం చెబుతున్నాను. మంచి చక్రాలు చాలావరకు బూస్ట్ కొలతల్లో వస్తున్నాయి, నా ఫ్రేము వాటికి ఒప్పుకోదు. ఉన్న చక్రాలకే ఊచల బిగువు సరిచేయించి, హబ్బుల్లో బేరింగు గోళీలు మార్పించి, కొత్త గ్రీజు పెట్టించాను.