ఎండిన గడ్డి చూడటానికి స్టిల్‌వాటర్ దాకా

అమెరికాలో ఓక్లహోమా సిటీ నుంచి స్టిల్‌వాటర్‌కి సొంత కారు లేకుండా వెళ్లాలంటే చికాకే. ఐ-35 హైవే ఎక్కి, తర్వాత 51వ నంబరు రోడ్డు మీద తూర్పుకి తిరిగితే గంట, గంటంపావులో అయిపోయే దారికి టాక్సీవాళ్లు వంద డాలర్లు దాటించారు, టిప్ వేరే. ఫిబ్రవరి నెలాఖరు. రోడ్డుకి రెండు వైపులా గోధుమ చేలు తప్ప పచ్చగా ఏమీ లేదు.

డ్రైవరు మాత్రం మంచి మాటకారి. 2021 ఫిబ్రవరి చలి గురించి మొదలుపెట్టి చాలాసేపు ఆపలేదు. ఆ నెల 16న ఓక్లహోమా సిటీలో మైనస్ 14 ఫారెన్‌హీట్, అంటే దాదాపు మైనస్ 26 సెల్సియస్. పైపులు పగలడం సరే, ఆయన బాధంతా ఇంటి ముందు లాన్ గురించి: మే వచ్చినా సగం గడ్డి లేవలేదట. నేను వెళ్తున్నది సరిగ్గా ఆ సంగతి చూడటానికేనని చెబితే, గడ్డి కోసం ఇంత దూరమా అని అద్దంలోంచి చూశాడు.

అవును, గడ్డి కోసమే. స్టిల్‌వాటర్‌లోని ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీలో 1986 నుంచి చలికి తట్టుకునే బెర్ముడా రకాల్ని తయారుచేస్తున్నారు. బెర్ముడా అంటే మన గరికే. మామూలు గరికకి 36 క్రోమోజోములు, సన్నాకు ఆఫ్రికా గరికకి 18. రెండింటినీ కలిపితే 27 వస్తాయి, ఆ సంకరం విత్తనం కట్టదు, తీగ ముక్కలు నాటి పెంచుకోవాల్సిందే. లాటిట్యూడ్ 36, నార్త్‌బ్రిడ్జ్, తహోమా 31 రకాలు అన్నీ అలా ఇక్కడ పుట్టినవే.

ముందే రాసి అనుమతి తీసుకున్నాను కాబట్టి ఒక టెక్నీషియన్ మళ్ల దగ్గరికి తీసుకెళ్లింది. చిన్న చిన్న చదరాలు, అన్నీ ఒకే ఎండుగడ్డి రంగు. చలికాలంలో బెర్ముడా ఎలాగూ ఎండినట్టే నిద్రపోతుంది కాబట్టి ఏది బతికుందో, ఏది పోయిందో రంగు చూసి చెప్పలేం. ఆమె ఎర్రమట్టిలో కత్తి దించి వేలెడు భూకాండం పైకి తీసి అడ్డంగా కోసింది. లోపల తెల్లగా, గట్టిగా ఉంది. రెండు మళ్ల అవతల ఇంకోటి తీస్తే గోధుమ రంగుకి తిరిగి, నొక్కగానే మెత్తగా అణిగిపోయింది. పైన మాత్రం రెండు మళ్లకీ తేడాయే లేదు! ఈ ప్రయాణంలో నన్ను నిలబెట్టేసింది ఇదే, గాలి చెవులు కోస్తున్నా కదలబుద్ధి కాలేదు.

పొలంలో ప్రతి ఏడూ కావలసినంత చలి పడదు, అందుకే ల్యాబులో ఫ్రీజరు. మొక్కల్ని ముందు కొన్ని వారాలు చల్లటి గదిలో అలవాటు చేస్తారు, ఆ టైములోనే అవి చక్కెరలు పోగేసుకుని కణాల పొరల్ని మార్చుకుంటాయి. తర్వాత మట్టి మీద మంచు పలుకులు వేస్తారు, లేకపోతే నీరు సున్నా దాటాక కూడా గడ్డకట్టకుండా మోసం చేస్తుంది. ఆపైన గంటకి ఒక డిగ్రీ చొప్పున దించుతూ, ఒక్కో డిగ్రీ దగ్గర కొన్ని మొక్కల్ని బయటికి తీస్తారు. సగం మొక్కలు చచ్చే ఉష్ణోగ్రతే ఆ రకానికి మార్కు, ఎల్‌టి 50 అంటారు. అది తెలియాలన్నా గ్రీన్‌హౌస్‌లో వారాల తరబడి చిగురు కోసం కాచుకోవాలి.

చలి ఒక్కటే కాదు, నడుమ వచ్చే వెచ్చటి వారం కూడా చంపుతుందని ఆమె చెప్పింది. గడ్డి చలికాలం అయిపోయిందనుకుని చలి కోసం కూడగట్టుకున్న బలమంతా వదిలేస్తుంది, మళ్లీ మంచు పడితే పోతుంది. ఇందులో ఏ మడి ముందు లేస్తుందని అడిగాను. పందెం కాయనంది, ఏప్రిల్ చివర్లో రమ్మంది. టాక్సీ డబ్బులు కూడబెట్టుకోవాలి.